అడవుల్లో పైన్ చెట్లకు కొట్టే ఫెరోమోన్ ప్యాకెట్లు మన టెంకాయ చెట్లకు కట్టొచ్చా?

అమెరికా అడవుల్లో చెట్టుకు చిన్న ప్యాకెట్ కొట్టి బెరడు పురుగును ఆపుతున్నారట, బెంగళూరులో మా టెంకాయ చెట్లకూ ఫెరోమోన్ కట్టొచ్చా అని అడిగారు. చెట్టుకు మాత్రం కట్టకండి. నేను అలా కట్టి రెండు చెట్లు పోగొట్టుకున్నాను.

అక్కడ వాడేదీ ఇక్కడ మనకు అమ్మేదీ రెండూ ఫెరోమోన్లే, అంటే పురుగులు ఒకదానికొకటి కబురుగా వదిలే వాసనలే. కానీ ఒకటి పొమ్మంటుంది, ఇంకొకటి రమ్మంటుంది. అక్కడి డగ్లస్ ఫర్ అనే చెట్టు బెరడు కింద పురుగులు నిండిపోయాక అవి ఎంసీహెచ్ అనే వాసన వదులుతాయి. ఇక్కడ చోటు లేదు, ఇంకో చెట్టు చూసుకోండి అన్నట్టు. ఆ మందున్న ప్యాకెట్లను వసంతంలో, పురుగులు ఎగరకముందే అడవిలో చెట్లకు కొడతారు. ఒక్క పురుగూ చేరని చెట్టు కూడా హౌస్‌ఫుల్ బోర్డు పెట్టినట్టు ఉంటుంది. ఎంత తెలివైన పద్ధతో! ఒక్క చెట్టూ నరకక్కర్లేదు, పురుగుమందు చల్లక్కర్లేదు. పైన్ చెట్ల పురుగుకు వెర్బెనోన్ అనే ఇలాంటి పొమ్మనే వాసనే వాడతారు గానీ, పురుగు మరీ విరగబడితే దాన్ని నమ్ముకోలేం.

మన టెంకాయ మాను తొలిచే ఎర్రముక్కు పురుగుకు అమ్మేది రమ్మనే వాసన. దాన్ని వదిలేది మగ పురుగు, వచ్చేవి ఆడా మగా రెండూ. అలా వచ్చినవన్నీ ఆ వాసన పెట్టిన ఉచ్చు బకెట్‌లో పడవు. కొన్ని పక్కనున్న చెట్టు మీదే వాలతాయి.

హోసకోటె దగ్గర మా స్థలంలో నాన్న నాటిన పదకొండు చెట్లున్నాయి. అమ్మినతను ఎక్కడ కట్టాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. నేరుగా చెట్టుకే కట్టాను. వారంలో బకెట్ నిండా పురుగులు కనిపిస్తే సంతోషించాను. కొన్ని నెలలకు ఆ చెట్టు మానుకు రంధ్రాలు పడి గోధుమరంగు జిగురు కారింది. చెవి ఆనిస్తే లోపల పురుగు నమిలే శబ్దం వినిపించింది. మొవ్వు వాడిపోయింది. తర్వాత దాని పక్క చెట్టూ పోయింది. నాన్నకు ఫోన్ చేసి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు బకెట్‌ను చెట్లకు దూరంగా, కంచె చివర కర్రకు కడుతున్నాను. పురుగు పాకి ఎక్కడానికి పట్టు ఉండాలి కాబట్టి బకెట్ బయట గోనెపట్టా చుట్టాను. లోపల నీళ్లు, చెరకు ముక్కలు వేసి వారానికోసారి మారుస్తాను. చెట్లు లేతవైతే తోటలో బకెట్ అసలు పెట్టకండి.

దీనికంటే ముందు కొమ్ము పురుగును చూసుకోవాలి. అది మొవ్వులో చేసే గాయాల్లో ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. కొమ్ము పురుగు పెరిగేది పేడకుప్పలో, కాబట్టి కుప్పను తిరగేసి తెల్లటి లావు పురుగులను ఏరేయండి. మొవ్వు చుట్టూ మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి వేయండి.

ఇంకా అనుమానముంటే హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఇలాంటి ఫెరోమోన్ల మీద కూడా పనిచేస్తుంది, అక్కడ అడగండి. ముందు ఈ సాయంత్రమే ఒక్కో చెట్టు మానుకు చెవి ఆనించి వినండి. శబ్దం వస్తే బకెట్ సంగతి తర్వాత, ఆ చెట్టుకు వెంటనే వైద్యం కావాలి.