విత్తనం ముచ్చట్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్ర: అన్నా నమస్తే. మాది మదనపల్లె పక్క పల్లె. పోయినేడు హైబ్రిడ్ టమాటా ఏసినా, కాపు బ్రహ్మాండంగా వచ్చె. ఈ ఏడు ప్యాకెట్ రేటు ఇని గుండె జారి, బాగా కాసిన చెట్ల కాయల్లోనుంచే గింజ తీసి నారు పోసినా. ఇప్పుడు చూస్తే ఒక చెట్టుకి గుండ్రం కాయ, ఇంకోదానికి కోల కాయ, కొన్ని చెట్లకి ముడత, కొన్ని ఆరోగ్యంగా ఉండాయి. గింజ తీసేదాంట్లో ఏమన్నా తప్పు చేసినానా?

జ: తప్పు నీ చేతిలో లేదు తమ్ముడూ, గింజ నువ్వు సరిగ్గానే తీసుంటావు. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు తల్లిదండ్రుల్ని కలిపి తీసిన మొదటి తరం. ఆ తరంలో చెట్లన్నీ ఒకే పోలికలో ఉంటాయి. దాని కాయలోంచి గింజ తీసి వేస్తే రెండో తరంలో అమ్మ గుణాలు నాన్న గుణాలు విడిపోయి ఏ చెట్టుకి ఏది దక్కితే అది వస్తుంది, నీ పొలంలో కనిపించేది అదే. కంపెనీవాళ్లు గింజలో ఏదో మందు కలిపారు అందుకే రెండోసారి రావట్లేదు అని ఊళ్లల్లో అంటుంటారు, అది నిజం కాదు.

రేటు సంగతి ఎత్తావు కాబట్టి నేను కళ్లారా చూసింది చెప్తా. కర్ణాటకలో రాణెబెన్నూరు వైపు కూరగాయల హైబ్రిడ్ విత్తనం బాగా పండిస్తారు, అక్కడ ఒక టమాటా ప్లాటులో కొన్నాళ్లు ఉన్నా. సాయంత్రం ఆడవాళ్లు తల్లి మొక్కల (ఆడ) వరసల్లో కూర్చుని, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గని వేళ్ల మధ్య పట్టుకుని చిన్న చిమటాతో లోపలి పసుపు పచ్చ కేసరాల గొట్టాన్ని లాగేస్తారు, లోపల ఆకుపచ్చ కీలాగ్రం (పుప్పొడి అంటుకునే ఆడ భాగం) మాత్రం తెగకూడదు. పొద్దున్నే తండ్రి మొక్కల (మగ) వరసల పుప్పొడిని వేలికి పెట్టుకున్న ఉంగరంలో పోసుకుని ఒక్కో పువ్వునీ అందులో అద్దుతారు, అద్దిన పువ్వుకి గుర్తుగా రెండు రక్షక పత్రాలు కత్తిరిస్తారు. కాయ పండాక ఆ కత్తిరింపు లేని కాయ బుట్టలోకి రాకూడదు. ఒక గ్రాములో ఇంచుమించు 300 గింజలు ఉంటాయి, ఆ గింజలు వచ్చిన ప్రతి కాయ వెనకా ఇట్లా ఒక మనిషి చెయ్యి ఉంది. అట్లని ప్యాకెట్ మీద వేసే రేటంతా న్యాయమే అని నేననను, ఆ ఆడవాళ్లకి దక్కే కూలికీ ప్యాకెట్ రేటుకీ మధ్య చాలా దూరం ఉంది, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

గింజ దాచుకోవాలంటే సూటి రకం వెయ్యి, అంటే హైబ్రిడ్ కానిది, గింజ తీసి వేసినా అదే పోలికలో వచ్చేది. పూసా రూబీ, అర్క వికాస్ లాంటివి. టమాటా తన పువ్వుతో తానే కాస్తుంది కాబట్టి సర్టిఫైడ్ (ఏజెన్సీ తనిఖీ చేసి ధ్రువీకరించిన) విత్తనానికి కూడా పక్క టమాటా తోటకి 25 మీటర్ల దూరం ఉంటే చాలంటారు. బాగా పండిన కాయ గుజ్జు పిసికి ఒకటి రెండు రోజులు పులియబెట్టి కడిగి నీడలో ఆరబెట్టు. కానీ నిజం చెప్పాలి, మీ వైపు ముడతా వడలు తెగులూ రెండూ ఉన్నప్పుడు మార్కెట్ కోసం వేసే ఎకరాలకి తట్టుకునే హైబ్రిడ్ కొనుక్కోవడమే మేలు. బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (ఉద్యాన పరిశోధనా సంస్థ) వాళ్ల అర్క రక్షక్ ఆకుముడత, బ్యాక్టీరియా వడలు, ముందస్తు మాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. అదీ హైబ్రిడ్డే, గింజ మాత్రం తియ్యకు. సూటి రకాన్ని రెండు సెంట్లలో వేసుకో, ఇంటికి సరిపోద్ది.

ప్ర: సార్, మా నాయన ఎప్పుడూ పూసా సావని బెండ గురించే చెప్తాడు, దానికి పల్లాకు రాదు అని. నేను తెచ్చి వేస్తే నెలకే ఈనెలు పసుపెక్కినై. విత్తనం నకిలీనా? (ఖమ్మం జిల్లా పాఠకుడు)

జ: నకిలీ అని చూడకుండా చెప్పలేను, కానీ మీ నాయన చెప్పింది ఆయన కాలానికి నిజమే. ఢిల్లీలోని ఐఏఆర్‌ఐ (వ్యవసాయ పరిశోధనా సంస్థ) నుంచి 1960 ప్రాంతంలో వచ్చినప్పుడు పూసా సావని పల్లాకు తెగులుని పొలంలో బాగానే తట్టుకునేది. దేశమంతా అదే. జాల్నాలో బద్రినారాయణ్ బార్వాలే విత్తన వ్యాపారం మొదలెట్టింది కూడా ఆ బెండతోనే, 1964లో మహికో అనే విత్తన కంపెనీ పెట్టారు, 1998లో ఆయనకి వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. ఏళ్ల తరబడి ప్రతి పొలంలో అదే రకం ఉండేసరికి, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ముందు అది నిలవలేకపోయింది. అప్పుడు శాస్త్రవేత్తలు అడవి బెండల వైపు చూడాల్సొచ్చింది, వాటితో సంకరం చేసే పర్భణి క్రాంతి, అర్క అనామిక తెచ్చారు. ఇప్పుడు చాలా చోట్ల వాటికీ తెగులు కనిపిస్తోంది. అందుకే రకాల పరిశోధన ఒకసారి చేసి వదిలేసే పని కాదు, పరిశోధనా స్టేషన్లకి డబ్బు తగ్గిస్తే పదేళ్ల తర్వాత దెబ్బ తగిలేది మన పొలానికే. మీరు ఇప్పుడు చేయగలిగింది పసుపెక్కిన మొక్కల్ని కనిపించగానే పీకి పారేయడం, తెల్లదోమని మొదటి నెలలోనే అదుపులో పెట్టడం.

ప్ర: ప్యాకెట్‌కి నీలం ట్యాగు లేదు, లేత ఆకుపచ్చ లేబులే ఉంది. మోసమా అండీ? పంట పోతే ఎవర్ని అడగాలి? (గుంటూరు)

జ: మోసం కాదండీ. నీలం అంటే సర్టిఫికేషన్ ఏజెన్సీ చూసి ఇచ్చింది, లేత ఆకుపచ్చ అంటే కంపెనీ తన బాధ్యత మీద రాసి అమ్మేది, కూరగాయల హైబ్రిడ్లు ఎక్కువగా ఇట్లానే వస్తాయి. మీరు చూడాల్సింది లాట్ నంబరు, గడువు తేదీ, మొలక శాతం (మిరపకి కనీసం 60, టమాటాకి 70, బెండకి 65). బిల్లు మీద లాట్ నంబరు రాయించుకోండి, ఖాళీ ప్యాకెట్ పారెయ్యకండి. నేనోసారి పారేసి నష్టపోయా, షాపువాడు ఆ లాటు మాది కాదన్నాడు, నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. పంట తేడా కొడితే పొలంలో ఉండగానే ఏఓ (మండల వ్యవసాయ అధికారి) గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. వినియోగదారుల కమిషన్‌కీ (ఇదివరకు ఫోరం అనేవాళ్లు) వెళ్లొచ్చు. మన ఆంధ్రా రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసులోనే 2012లో సుప్రీంకోర్టు ఈ హక్కు ఖాయం చేసింది, పరీక్షకి గింజలు మిగల్చలేదన్న వంకతో రైతుని తోసెయ్యకూడదని కూడా చెప్పింది.

ప్ర: నేను దాచిన వంగ గింజలు పక్కింటివాళ్లకి అమ్మితే కేసు పెడతారా?

జ: పెట్టలేరు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట గింజ దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇవ్వొచ్చు, అమ్మొచ్చు. బ్రాండ్ పేరు వేసి ప్యాకెట్ కట్టి అమ్మడమే కుదరదు.

ప్ర: హైదరాబాద్‌లో మా మిద్దె మీద సొరకాయ బాగా కాస్తోంది, గింజ తీసుకోవచ్చా అండీ?

జ: సూటి రకమైతే తీసుకోండమ్మా, కాకపోతే కాలనీలో ఇంకెవరి సొర పాదో ఉంటే పుప్పొడి కలిసిపోద్ది, సర్టిఫైడ్ విత్తనానికైతే 500 మీటర్ల దూరం అడుగుతారు. సాయంత్రం విచ్చుకోబోయే ఆడ మొగ్గకీ మగ మొగ్గకీ ముందే పేపర్ కవర్ కట్టి, విచ్చాక మగ పువ్వు తెంపి అద్ది మళ్లీ కట్టేయండి. కాయ చెట్టునే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా కొయ్యొద్దు. ఆ పాదుకి ఒక్క కాయ చేదు తగిలినా మాత్రం గింజ ఉంచకండి, ఆ కాయ కూర కూడా వండొద్దు, రసం అసలే తాగొద్దు, చేదు సొర రసం తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.