అంటార్కిటికాలో ఒకే పర్వతానికి రెండు మూడు పేర్లు ఎందుకు? ఏది సరైనది?

ఆ పేర్లు ఖాయం చేసేది ఎవరు అని కూడా అడిగారు. అలా ఖాయం చేసే అధికారం ఎవరికీ లేదు. అందుకే అన్నీ చెల్లుతాయి.

హైదరాబాద్‌లో ఒక మ్యాపింగ్ కంపెనీలో పనిచేసినప్పుడు నా వంతుకు క్వీన్ మాడ్ ల్యాండ్ పేర్ల లేయర్ వచ్చింది. మన మైత్రి స్టేషన్ ఉన్నది ఆ ప్రాంతంలోనే. కొన్ని కొండలకు నార్వే వాళ్లు ఒక పేరు, జర్మన్లు ఇంకో పేరు, రష్యన్లు మరో పేరు పెట్టుకున్నారు. డూప్లికేట్లు తీసేయమన్నారు. ఏది తీసినా ఒక దేశం వాళ్లు మంచులో పడిన కష్టం చెరిపేసినట్టే కదా అని వాదించాను. చివరికి అన్నీ ఉంచాం.

అసలు కారణం 1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందం. ఏడు దేశాలు అక్కడి భూమి మాదంటాయి. ఒప్పందం ఆ మాటను ఒప్పుకోదు, కాదనదు. సొంతదారు లేనప్పుడు పేరు మీద చివరి మాట ఎవరిది? పేర్లు పెట్టడానికి ఎవరి దేశపు కమిటీ వాళ్లదే. బల్గేరియా లాంటి చిన్న దేశమే వెయ్యికి పైగా పేర్లు పెట్టింది.

పాత రోజుల్లో పేరు చూస్తే ఆ ప్రయాణానికి డబ్బు ఎవరిచ్చారో తెలిసిపోయేది. 1911లో నార్వే అన్వేషకుడు అమండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి వెళ్తూ తాను దాటిన పర్వతాలకు నార్వే రాణి మాడ్ పేరు పెట్టాడు. పైకి ఎక్కిన హిమానీనదానికి తనకు సాయం చేసిన ఆక్సెల్ హైబర్గ్ పేరు. అంతకు ముందు బ్రిటిష్ అన్వేషకుడు షాకిల్‌టన్ కూడా స్పాన్సర్ బియర్డ్‌మోర్ పేరును ఒక హిమానీనదానికి ఇచ్చాడు. ఇప్పుడు అమెరికా కమిటీ నియమాల్లో వస్తువుల పేర్లు, పెంపుడు జంతువుల పేర్లు పనికిరావని రాసి ఉంది. మంచి నియమం.

నన్ను బాగా కదిలించినవి మాత్రం లేని పర్వతాలు. 1818లో బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ రాస్ ఆర్కిటిక్‌లోని లాంకాస్టర్ జలసంధిలో దారికి అడ్డంగా కొండలు చూశాడు. వాటికి నౌకాదళ కార్యదర్శి క్రోకర్ పేరు పెట్టి వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడాది ప్యారీ ఓడ అదే చోట నేరుగా దాటిపోయింది. 1906లో అమెరికా అన్వేషకుడు పియరీ ఆర్కిటిక్‌లోనే దూరాన శిఖరాలు కనిపించాయని చెప్పి, వాటికి తన దాత క్రాకర్ పేరిచ్చాడు. 1914లో మాక్‌మిలన్ బృందం గడ్డకట్టిన సముద్రం మీద వెతుక్కుంటూ వెళ్తే అది ఎండమావి అని తేలింది. చల్లగాలి పైన వెచ్చటి గాలి పొర ఉంటే వెలుగు వంగి, దూరపు మంచు పైకి లేచి కొండలా కనిపిస్తుంది. ఆ మనుషులు అబద్ధమాడారని నేను అనుకోను. కంటితో చూసిందే వాళ్లకు ఆధారం.

దీనికి తలకిందులు విన్సన్ కథ. ఖండంలో ఎత్తైన శిఖరమది, 4,892 మీటర్లు. 1935లో అమెరికా అన్వేషకుడు ఎల్స్‌వర్త్ విమానంలో ఆ శ్రేణి పక్కగానే వెళ్లినా, విన్సన్ బయటి ప్రపంచానికి తెలిసింది 1958లో. పేరు అమెరికా కాంగ్రెస్ సభ్యుడు కార్ల్ విన్సన్‌ది. 2006లో నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు, 2019లో నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ ఎక్కింది దాన్నే.

మీ పనికి పేరు కావాలంటే స్కార్ (SCAR, అంటార్కిటిక్ పరిశోధనల అంతర్జాతీయ కమిటీ) సంస్థ గెజిటీర్, అంటే స్థలాల పేర్ల జాబితా, వెతకండి. అందులో ఒక్కో చోటుకు ఒక నంబరు, దాని కింద అన్ని దేశాల పేర్లు ఉంటాయి. నంబరు రాసుకుని, మీకు కావలసిన పేరు పక్కన ఏ దేశం పెట్టిందో కూడా రాయండి.