బెంగళూరులోని ఆస్టియోపతీ, అమెరికాలోని డి.ఓ. వైద్యమూ ఒకటేనా?

మారతహళ్ళిలో ఉంటున్న మీకు నడుము నొప్పికి ఆస్టియోపతి (కండరాలను, కీళ్ళను చేతులతో నొక్కి, కదిలించి చేసే చికిత్స) క్లినిక్‌కు వెళ్ళమని ఎవరో సలహా ఇచ్చారనీ, డాలస్‌లోని మీ బావగారి డాక్టరు పేరు పక్కన కూడా డి.ఓ. అని ఉందనీ, ఇద్దరిదీ ఒకే వైద్యమా అనీ అడిగారు. కాదు. అమెరికాలో డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) అంటే ఎం.డి.తో సమానమైన లైసెన్సు ఉన్న పూర్తిస్థాయి వైద్యుడు. మందులు రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు, చేతులతో చేసే చికిత్సను చాలామంది అరుదుగానే వాడతారు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో ఆస్టియోపతిని మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ తొలి కళాశాల పెట్టిన నాటికీ నేటికీ అక్కడి చదువు ఎంతో మారింది. బెంగళూరులో ఆస్టియోపతి అన్న బోర్డు కింద సాధారణంగా కనిపించేది ఈ హస్తచికిత్స నేర్చుకున్న ఫిజియోథెరపిస్టులే.

పరిశోధన విషయానికొస్తే, 2021లో వెలువడిన ఒక ఫ్రెంచి అధ్యయనం గమనించదగ్గది. నడుము నొప్పి ఉన్న 400 మందిని రెండు వర్గాలుగా విడదీసి, రెండు వారాలకొకసారి చొప్పున 6 సార్లు, ఒక వర్గానికి అసలు ఆస్టియోపతి చికిత్స, రెండో వర్గానికి తేలికగా చేతులు ఆనించే ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. 3 నెలలకు, రోజువారీ పనుల్లో ఇబ్బందిని కొలిచే 100 పాయింట్ల కొలమానంలో తేడా 3.4 పాయింట్లే, అది కాకతాళీయం కాదని గణాంకాల లెక్కల్లో తేలినా, వంగి చెప్పులు వేసుకునేటప్పుడు రోగికి తెలిసేంతది కాకపోవచ్చు. చేసేవారికి తాము చేస్తున్నది ఏదో తెలిసిపోతుంది కనుక, మాత్రలను పరీక్షించినంత పకడ్బందీగా దీన్ని పరీక్షించడం కష్టమే అనుకోండి.

నా ఉద్దేశంలో, వ్యాయామంతో పాటు కొన్నాళ్ళు ప్రయత్నిస్తే తప్పు లేదు. ముందే పెద్ద ప్యాకేజీకి డబ్బు కట్టమంటే మాత్రం ఒప్పుకోకండి. కాలు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరం తోడైనా, క్లినిక్ మాట పక్కనబెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.