లంక ఊరి వరద సైరన్ ఊరికే మోగుతోందా?

తమ్ముడూ, వరద లేకపోయినా మీ సైరన్ మోగుతోందన్నారు. తప్పు ప్రోగ్రాముది కాదు, గుర్రపుడెక్కది. తేలే ఆకులకు తగిలి వచ్చిన ధ్వనినే అల్ట్రాసోనిక్ సెన్సార్ (ధ్వనిని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే పరికరం) నీటిమట్టం అనుకుంటుంది. రేవు స్తంభానికి ఆరంగుళాల పీవీసీ గొట్టం నిలువుగా కట్టి, అడుగు మూసి, కిందివైపు పక్కన చిన్న రంధ్రం పెట్టండి. నీరు లోపలికి వస్తుంది, ఆకులు రావు. సెన్సార్‌ను పైన బిగించండి. సన్న గొట్టం వద్దు, ధ్వని గోడలకు తగిలి మళ్లీ మోసపోతారు. రంధ్రంలో ఒండ్రు పేరుకుంటుంది, వారానికోసారి పుల్లతో తీయాల్సిందే.

గోదావరిపై ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడు వరద హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారు. ఆ అంకెలను మీ రేవుకు పెట్టకండి, అవి ఆ బ్యారేజీ దగ్గరి మట్టాలు. 1986 వరద నీరు ఏ అరుగు దాకా వచ్చిందో ఊరి పెద్దలను అడిగి కొలవండి, దాన్ని బట్టి మీ సైరన్ మట్టం నిర్ణయించండి. సైరన్‌కు బ్యాటరీ తప్పనిసరి. వరదకు ముందే కరెంటు పోతుంది.