సినానిమ్స్ లిస్టు కాదు, వాక్యం చూడండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. పది వరకు తెలుగు మీడియం. ఇప్పుడు నల్లగొండలో డిగ్రీ ఫైనలియర్ చదువుతూ ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) సీహెచ్ఎస్ఎల్‌కు, అంటే ఇంటర్ అర్హతతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే పరీక్షకు ప్రిపేరవుతున్నా. సినానిమ్స్ బట్టీ పట్టినా మాక్ టెస్టుల్లో సే–టెల్, రాబ్–స్టీల్ లాంటివి వస్తే తప్పులు పోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ లిస్టులు పక్కన పెట్టండి. టైర్-1లో (మొదటి దశ పరీక్షలో) ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పైతే అర మార్కు కోత. ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో, మాటకు అర్థం తెలిస్తే సరిపోదు, దాని వెనకాల ఏం రావాలో తెలియాలి. స్టీల్ వెనకాల పోయిన వస్తువు వస్తుంది: ‘దే స్టోల్ హిజ్ ఫోన్’. రాబ్ వెనకాల నష్టపోయిన మనిషో బ్యాంకో వస్తుంది. వస్తువు కూడా చెప్పాలంటే ‘ఆఫ్’ కావాలి: ‘దే రాబ్డ్ హిమ్ ఆఫ్ హిజ్ ఫోన్’. పేపర్లో ‘దే రాబ్డ్ హిజ్ ఫోన్’ అని కనిపిస్తే తప్పు అక్కడే ఉంది.

టెల్ పక్కనే మనిషి రావాలి: ‘షి టోల్డ్ మీ’. సే అయితే మధ్యలో ‘టు’ పడాలి: ‘షి సెడ్ టు మీ’. ‘టెల్ ద ట్రూత్’, ‘టెల్ ఎ లై’ మాత్రం మనిషి లేకున్నా సరైనవే.

బాగా చదివేవాళ్లను కూడా ముంచేది రీప్లేస్, సబ్‌స్టిట్యూట్ జత. టీలో చక్కెర తీసేసి బెల్లం వేశారనుకోండి. ‘రీప్లేస్ షుగర్ విత్ జాగరీ’లో తీసేసింది ముందు. ‘సబ్‌స్టిట్యూట్ జాగరీ ఫర్ షుగర్’లో వేసింది ముందు. కంగారులో ఈ వరుసే తిరగబడుతుంది. విత్ ఉందా, ఫర్ ఉందా అని ముందు చూసుకోండి.

నౌన్లతో ఇంత తంటా లేదు, సగం మీ ఊళ్లో రోజూ చూసేవే. పొట్టుతో ఉంటే ప్యాడీ, మిల్లు పట్టాక రైస్. చేలో నిలబడ్డది క్రాప్, కోత హార్వెస్ట్, ఎకరాకు ఎన్ని క్వింటాళ్లన్నది యీల్డ్. సాగర్‌లో 26 గేట్లున్న కట్ట డ్యామ్, దాని వెనక నిలిచిన నీళ్లు రిజర్వాయర్. హైవే మీద యాక్సిడెంట్ అయితే డ్రైవర్ ఇంజూర్డ్, బస్సు డ్యామేజ్డ్. ఊండెడ్ అనేది ఎక్కువగా కత్తి, తుపాకీ దెబ్బలకు వాడతారు.

రోజుకు 3 జతలు చాలు, అవీ మీ మాక్ టెస్టు తప్పుల్లోంచే తీసుకోండి. ఇంగ్లిష్–తెలుగు డిక్షనరీ చాలాసార్లు రెండు మాటలకూ ఒకే అర్థం ఇస్తుంది, అందుకే తికమక. ఉదాహరణ వాక్యాలుండే లెర్నర్స్ డిక్షనరీ ఫోన్లోనే ఉచితంగా దొరుకుతుంది. మాటకో వాక్యం రాసి ప్రిపోజిషన్ (ఆఫ్, టు, విత్, ఫర్ లాంటి చిన్న మాట) కింద గీత పెట్టండి. మర్నాడొకసారి, వారానికొకసారి ఆ మాటనూ ప్రిపోజిషన్‌నూ చేత్తో మూసి నింపండి. అర్థం మాత్రమే గుర్తొచ్చి ప్రిపోజిషన్ రాకపోతే ఆ జత ఇంకా రానట్టే.

పరీక్షలో నాలుగింట్లో రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మిగతా రెంట్లో ఒకటి పెట్టేయండి. తప్పైతే పోయేది అర మార్కే, సరైతే వచ్చేది 2.