సమాధానం: ఒకేసారి కొన్నా రెండు లాప్‌టాప్‌లని పాతవిగా అమ్మితే ధరల్లో ఇంత తేడా ఎందుకు?

మీ లాప్‌టాప్‌ని సగం ధరకి కూడా అడగట్లేదు, అదే ఏడాది కొన్న మీ తమ్ముడి థింక్‌ప్యాడ్ (లెనోవో లాప్‌టాప్) మాత్రం చెప్పిన రేటుకే పోయింది అన్నారు కదా, అందులో మోసమేం లేదండి. పాతది కొనేవాళ్ల భయమల్లా రేపు పాడైతే బాగవుతుందా అనే. థింక్‌ప్యాడ్, డెల్ వాళ్ల లాటిట్యూడ్ లాంటివి ఆఫీసుల కోసం చేసినవి, ఒకే మోడల్ పెద్ద సంఖ్యలో అమ్ముడవుతుంది కాబట్టి కీబోర్డు, హింజ్ (మూత తిరిగే కీలు), బ్యాటరీ ఏళ్ల తర్వాత కూడా దొరుకుతాయి, ఏ స్క్రూ ముందు విప్పాలో కంపెనీ మాన్యువల్‌లోనే బొమ్మలతో ఉంటుంది. యాపిల్ మ్యాక్‌బుక్‌లకి పాతవైనా ధర నిలవడానికి ఏళ్ల తరబడి వచ్చే అప్‌డేట్లే బలం.

మీది అమ్మేముందు మూత నెమ్మదిగా తెరవండి, హింజ్ దగ్గర ప్లాస్టిక్ కిర్రుమంటే ముందు అది బాగు చేయించండి, కొనేవాళ్లు మొదట పట్టేది అదే. ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం కంటే పాతదైతే విండోస్ 11కి చాలావరకు అధికారికంగా పనికిరాదు, విండోస్ 10 సపోర్టేమో (ఉచితంగా వచ్చే భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరుతో ముగిసింది, అలాంటప్పుడు ఇంకా ఆగొద్దు, వచ్చిన ధరకి ఇచ్చేయండి.