రాజ్యాంగం ఎవరు రాశారు?

ప్రశ్న: కమ్యూనిజం కూలిన దేశాల్లో ప్రజాస్వామ్యం నిలబడటానికి బయటివాళ్ల సాయం పనికొచ్చిందా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉన్న ఎస్తోనియాలో పనికొచ్చింది, ఎందుకంటే నిర్ణయాలు వాళ్లవే. 1992 జూన్‌లో వాళ్లు సొంత కరెన్సీ క్రూన్ తెచ్చుకుని, 8 క్రూన్లకు ఒక జర్మన్ మార్కు అని విలువ కట్టేశారు. యూరోపియన్ యూనియన్ బోలెడు షరతులు పెట్టింది. అయితే చేరాలన్న తహతహ వాళ్లదే. 2004లో చేరారు. (అక్కడి రష్యన్ భాషీయుల్లో చాలామందికి పౌరసత్వం వెంటనే దక్కలేదు, ఆ మచ్చ ఉంది.)

యుగోస్లావియా నుంచి విడిపోయిన బోస్నియా సంగతి వేరు. అక్కడి యుద్ధాన్ని ఆపిన 1995 డేటన్ ఒప్పందంలోని నాలుగో అనుబంధమే ఆ దేశపు రాజ్యాంగం! అమెరికా వైమానిక స్థావరంలో, ఇంగ్లీషులో తయారైంది. యుద్ధం ఆగింది, అది చిన్న విషయమేం కాదు. కానీ బోస్నియాక్, క్రొయేట్, సెర్బ్ అనే మూడు ప్రధాన జాతులవాళ్లు తప్ప మరొకరు ముగ్గురు సభ్యుల అధ్యక్ష మండలికి పోటీ చేయకూడదట. ఒక యూదుడు, ఒక రోమా (యూరప్‌లోని ఒక అల్పసంఖ్యాక జాతి) వ్యక్తి కోర్టుకెక్కితే, అది వివక్షేనని 2009లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. పైగా ఒప్పందం అమలును చూసే హై రిప్రజెంటేటివ్ అనే విదేశీ అధికారికి 1997 నుంచి చట్టాలు చేసే, ఎన్నికైనవాళ్లను తొలగించే అధికారం కూడా ఉంది. స్థానిక నాయకులకూ ఇది సుఖంగానే ఉందని నా అనుమానం. చేదు నిర్ణయం ఆయన తీసుకుంటే తిట్లూ ఆయనకే కదా!